సేవ పేరుతో వెట్టి

నిజామాబాద్‌లో గానీ, బోధన్‌లో గానీ పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పేవాళ్లను, టోర్నమెంట్లకు ఊరికే చాకిరీ చేసేవాళ్లను, రోజూ గ్రౌండ్‌కొచ్చే పదేళ్ల పిల్లలను గుర్తించి గౌరవించాలని ఎవరైనా అంటే జవాబు వెంటనే వస్తుంది: ‘‘ముందు ఒక మెడల్ తెమ్మనండి, తర్వాత చూద్దాం.’’ ఈ మాట కాంట్రాక్టరూ అంటాడు, కార్పొరేటరూ అంటాడు, కాలేజీలో పాఠం చెప్పే లెక్చరరూ అంటాడు. ఆ పిల్లల తండ్రులే అంటారు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. పైకి న్యాయంగానే వినిపిస్తుంది. గెలిచినవాడికి బహుమతి ఇస్తాం, మిగిలినవాళ్లకు చప్పట్లు కొడతాం, ఆటంటే అంతే కదా అనిపిస్తుంది.

ఈ మాటకు తోడుగా ఇంకో నాలుగు మాటలు తిరుగుతుంటాయి. ‘సేవ చేసేటోడు పేరు కోసం చూడొద్దు.’ ‘శాలువాలు కప్పితే ఆట బాగుపడుతదా, ఆ పైసలతోని నాలుగు బంతులు కొనియ్యండి.’ ‘చిన్నపిల్లలకు సన్మానాలేంది, నెత్తికెక్కుతది.’ ‘అసలు ఈ జిల్లాల ఫుట్‌బాల్ ఎక్కడున్నది?’ వినీ వినీ ఇవన్నీ మనకు లోకజ్ఞానంలా అలవాటైపోయాయి. వీటిలో ఒకటి రెండింటిలో పిసరంత నిజం కూడా ఉంది. కానీ అన్నిటినీ మోస్తున్న ఆ మొదటి మాట పచ్చి తప్పు. అక్కడి నుంచే మొదలుపెడదాం.

2025 మే 2న భువనేశ్వర్‌లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య వార్షిక అవార్డులు ఇచ్చింది. పురుషుల్లో ఉత్తమ ఆటగాడిగా సుభాశిష్ బోస్, మహిళల్లో ఉత్తమ క్రీడాకారిణిగా గుగులోత్ సౌమ్య ఎంపికయ్యారు. సౌమ్య మన నిజామాబాద్ జిల్లా బిడ్డ. ఆ సీజన్‌లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆడింది. అంతకు ముందు 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. లంబాడా కుటుంబంలో పుట్టిన ఆడపిల్ల దేశంలోనే మేటి అనిపించుకుంటే జిల్లా మురిసిపోవడం సహజం. మురవాల్సిందే.

ఇప్పుడు మన న్యాయసూత్రాన్ని ఆమెకు అన్వయించి చూడండి. సౌమ్య పుట్టింది 2001లో. దేశంలో ఉత్తమ క్రీడాకారిణి అయ్యేనాటికి 23 ఏళ్లు. నిజామాబాద్‌లో ఆమెను తీర్చిదిద్దిన కోచ్ గొట్టిపాటి నాగరాజు. ‘మెడల్ తెచ్చాక చూద్దాం’ అనే లెక్కన ఆయన గుర్తింపుకు నోచుకోవాలంటే శిష్యురాలు పెరిగి పెద్దదై, దేశం దాటి, తిరిగొచ్చి, లీగ్ గెలిచి, అవార్డు అందుకునేదాకా ఆగాలి. ఆమె మోకాలికి దెబ్బ తగిలి మధ్యలోనే ఆగిపోయి ఉంటే? పదో తరగతిలోనే పెళ్లి చేసి ఉంటే? కోచ్ చేసిన పనిలో వీసమెత్తు తేడా ఉండేది కాదు. గుర్తింపు మాత్రం సున్నా అయ్యేది. అంటే మనం గౌరవిస్తున్నది పనిని కాదన్నమాట, అదృష్టాన్ని.

ఇంకో సంగతి. సౌమ్య ఒక్కతే గ్రౌండ్‌లో బంతి తంతూ కూర్చుంటే సౌమ్య అయ్యేది కాదు. ఎదురుగా అడ్డం పడేవాళ్లు కావాలి, పక్కన పరుగెత్తుతూ పాస్ అందించేవాళ్లు కావాలి, గోల్‌లో నిలబడి ఆమె కొట్టిన బంతులు ఛాతీ మీద కాసుకునేవాళ్లు కావాలి. ఒక మ్యాచ్ జరగాలంటేనే ఇరవై ఇద్దరు ఉండాలి. వాళ్లలో ఒకరు పైకి పోతారు, మిగిలిన వాళ్లు ఇళ్లకు పోతారు. ఆ మిగిలినవాళ్లు లేకపోతే ఆ ఒక్కరూ లేరు. పసుపు చేతికి రావడానికి ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది, మార్కెట్‌లో ధర పలికాకే చేనుకు నీళ్లు పెడతానన్న రైతును ఈ జిల్లాలో ఎవరైనా చూశారా? ఆట దగ్గరికి వచ్చేసరికి మనమంతా అలాంటి రైతులమే.

పోనీ, ‘గెలిచాక చూద్దాం’ అన్నవాళ్లు గెలిచాకైనా చూశారా? చరిత్ర ఏం చెబుతోందో వినండి. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో బడిపంతులు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ భారత జట్టుకూ ఆయనే కోచ్. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962 జకార్తాలో మళ్లీ స్వర్ణం. పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చింది. ఇంతకన్నా మెడల్ ఏం కావాలి? ఆయనకు పద్మ పురస్కారం రాలేదు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో మొదలైంది, అప్పటికి ఆయన పోయి 22 ఏళ్లు. 2024లో ఆయన మీద ‘మైదాన్’ సినిమా వచ్చేదాకా తెలంగాణలోనే చాలామంది కుర్రవాళ్లకు ఆ పేరు తెలియదు.

ఆయన శిష్యుడు తులసీదాస్ బలరాం సంగతీ అంతే. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టి, రెండు ఒలింపిక్స్ చూసి, 1962 స్వర్ణ జట్టులో ఆడాడు. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం ముగ్గురూ కలిసి ముందు వరసలో ఆడితే వాళ్లిద్దరికీ పద్మశ్రీ వచ్చింది. బలరాంకు అర్జునతోనే సరిపెట్టారు. 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో ఆయన పోయాక సంతాపాలు మాత్రం ఘనంగా వచ్చాయి. ఒలింపిక్స్ ఆడినవాళ్లకే ఈ గతి పట్టించిన మనం, బోధన్‌లో అండర్-12 పిల్లలకు ఆట నేర్పే మనిషితో ‘మెడల్ తే, చూద్దాం’ అనడానికి మొహం ఎలా చెల్లుతోంది? ‘గెలిచాక చూద్దాం’ అన్న మాటకు ఆచరణలో అర్థం ఎప్పటికీ చూడమనే.

ఇక రెండో మాట: సేవ చేసేవాడు ఆశించకూడదు. ఈ మాట అనేవాళ్లు ఆ సేవ ఎలా ఉంటుందో ఒక్కసారి దగ్గరగా చూడాలి.

ఆదివారం పొద్దున ఆరింటికి పిల్లల మ్యాచ్ ఉందనుకోండి. చీకటితోనే ఒక మనిషి బండి మీద సున్నం బస్తా వేసుకుని గ్రౌండ్‌కు వస్తాడు. రాత్రి ఎవరో తాగి పగలగొట్టిపోయిన సీసా పెంకులు సెల్‌ఫోన్ లైట్లో ఏరతాడు. పిల్లల్లో సగం మందికి బూట్లుండవు కాబట్టి ఒక్క పెంకు కూడా మిగలకూడదు. తర్వాత రెండు మేకులకు తాడు కట్టి గీత గీస్తాడు. కార్నర్ల దగ్గర జెండాల్లేకపోతే కట్టెలు పాతి పాత చొక్కా గుడ్డ కడతాడు. నీళ్ల క్యాన్ అప్పు మీద తెస్తాడు. ఆరున్నరకు రెఫరీ రాకపోతే విజిల్ తనే నోట్లో పెట్టుకుంటాడు. ఎవరి కాలో బెణికితే ఆటోలో ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయేదీ, ఇంటికి ఫోన్ చేసి తిట్లు తినేదీ అతడే. తొమ్మిదింటికల్లా స్నానం చేసి తన దుకాణానికో, డ్యూటీకో పోవాలి.

ఇదంతా ఆట రోజు పని. కాగితాల పని వేరే ఉంది. జిల్లా జట్టుకు పిల్లవాణ్ని పంపాలంటే వయసు రుజువు కావాలి. ఆధార్‌లో ఒక తేదీ, బడి రిజిస్టర్‌లో ఇంకో తేదీ ఉంటాయి. తండ్రి దుబాయ్‌లో ఉంటాడు, తల్లి బీడీలు చుడుతుంటుంది, మీసేవ చుట్టూ తిరగడానికి ఆమెకు తీరదు. మూడు నాలుగు రోజులు తిరిగి ఆ తేదీ సరిచేయించేది కోచ్. హైదరాబాద్‌లో సెలక్షన్స్ అంటే 170 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. పిల్లలను పొద్దున్నే అక్కడ దించాలంటే రాత్రికి రాత్రే బయలుదేరాలి. ఆడపిల్లల జట్టయితే తోడుగా ఒక ఆడమనిషి ఉండాల్సిందే. సాధారణంగా ఆ పిల్లల్లో ఒకరి తల్లే వస్తుంది, ఆ రోజు బీడీల కూలి వదులుకుని. ఆమెను వలంటీర్ అంటాం. ఆమె పోగొట్టుకున్న కూలిని ఏ పద్దులోనూ రాయం.

ఇంత చేసి పిల్ల రాష్ట్ర స్థాయిలో ఆడిందనుకోండి, ఒక సర్టిఫికెట్ చేతికొస్తుంది. దాని మీద పిల్ల పేరు, తండ్రి పేరు, బడి పేరు, ఏ పోటీ, ఎక్కడ జరిగింది అన్నీ ఉంటాయి. కింద నిర్వాహకుల సంతకాలు ఉంటాయి. నేను చూసినవాటిలో నేర్పినవాడి పేరు రాయడానికి మాత్రం గడి లేదు. ఇది చిన్న విషయం అనుకోకండి. అంతర్జాతీయ పతకాలు తెచ్చినవాళ్ల కోచ్‌లకు కేంద్రం ఇచ్చే నగదు పురస్కారంలో తొలి దశ కోచ్‌కు కూడా వాటా ఉండాలని క్రీడా మంత్రిత్వ శాఖే ఒప్పుకుంది. కానీ తొలి దశలో నేర్పింది తానేనని ఆ మనిషి దేంతో రుజువు చేసుకోవాలి? కాగితం మీద పేరే లేకపోతే వాటా ఎవరికిస్తారు?

కూలి ఇవ్వకుండా, పేరైనా చెప్పకుండా, ‘చెయ్యడం నీ ధర్మం’ అంటూ మనుషుల చేత పని చేయించుకోవడం తెలంగాణకు కొత్త కాదు. దాన్ని వెట్టి అన్నారు. దానికి వ్యతిరేకంగా ఈ గడ్డ మీద జనం తిరగబడ్డారు. గడీల్లో తప్పైనది గ్రౌండ్‌లో సేవ ఎలా అవుతుంది? ఇష్టపడి చేస్తున్నాడు కదా అంటారా, ఇష్టం అతడిది, లాభం అందరిదీ. పిల్లలు పొద్దున్నే లేవడం నేర్చుకుంటే లాభం ఇంటికి. సెల్‌ఫోన్ వదిలితే లాభం బడికి. గుట్కాకు దూరంగా ఉంటే లాభం ఊరికి. రేపు ఆ పిల్లకు క్రీడా కోటాలో ఉద్యోగం వస్తే లాభం ఆ కుటుంబానికి. ఇంతమంది లాభం తీసుకుని, పెట్టుబడి పెట్టినవాడిని మాత్రం నిష్కామకర్మ చెయ్యమనడం ధర్మపన్నాలు వల్లించడమే.

ఇక్కడ కొందరు అడ్డు తగులుతారు. ‘జీతం తీసుకునే పీఈటీలున్నారు కదా, ఆ పని వాళ్లది కాదా?’ పీఈటీ ఉన్న బడిలో కూడా ఒక్కడే ఉంటాడు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, అథ్లెటిక్స్ అన్నీ అతడి మీదే. ప్రార్థన నుంచి పంద్రాగస్టు పరేడ్ దాకా అతడే చూడాలి. పైగా బడి బెల్ కొట్టాక, వేసవి సెలవుల్లో, బడి మానేసిన పిల్లల కోసం పనిచేయమని ఏ ఉద్యోగ నిబంధనా చెప్పదు. అయినా చేస్తున్న పీఈటీలున్నారు. వాళ్లనూ ఈ లెక్కలోనే వేసుకోవాలి. భారత ఫుట్‌బాల్‌కు దొరికిన అతిగొప్ప కోచ్ ఒక బడిపంతులేనని మరిచిపోయిన సమాజమే ‘వాడికేం, పీఈటీ’ అని తీసిపారేస్తుంది.

బోధన్ సంగతి వేరుగా చెప్పుకోవాలి. 1937లో నిజాం ప్రభుత్వం నెలకొల్పిన చక్కెర ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. నిజాంసాగర్ నీళ్లతో చెరకు, చెరకుతో ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీతో శక్కర్‌నగర్ కాలనీ. క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, క్లబ్బు, పిల్లలు ఆడుకోవడానికి జాగా, అన్నిటికీ వెనక ఒక సంస్థ ఉండేది. 2002లో ఫ్యాక్టరీని ప్రైవేటు యాజమాన్యంతో కలిపి జాయింట్ వెంచర్ చేశారు. 2015 డిసెంబర్ 23న లే ఆఫ్ ప్రకటించి గేట్లు మూశారు. కార్మికుల బకాయిల గురించి, చెరకు రైతుల గురించి చాలా రాశారు, ఇంకా రాయాలి. కానీ కంపెనీ ఊరు మూతపడితే దానితో పాటు మూతపడేవి ఇంకా ఉంటాయి. బంతులు కొనిచ్చే చేయి పోతుంది. టోర్నమెంటుకు కప్పు ఇచ్చే మేనేజర్ పోతాడు. ఆటగాడికి కొలువిచ్చే సంస్థ పోతుంది. హైదరాబాద్ ఫుట్‌బాల్ వెలిగిందంటే పోలీస్ శాఖ జట్టును పోషించి ఆటగాళ్లకు నౌకరీ ఇచ్చింది కాబట్టి. సంస్థ వెనకుంటే ఆట నిలబడుతుంది.

చక్కెర మిల్లు మూతపడ్డ ఊళ్లో ఈ రోజు ఒక పిల్లవాడు బంతి తంతున్నాడంటే దాని వెనక ఏ సంస్థా లేదు. ఒక మనిషి ఉన్నాడు. ఫ్యాక్టరీ చేయాల్సిన పని, మున్సిపాలిటీ చేయాల్సిన పని, క్రీడాశాఖ చేయాల్సిన పని తన జేబులోంచి చేస్తున్నాడు. వ్యవస్థ ఖాళీ చేసిపోయిన చోట నిలబడ్డవాణ్ని గుర్తించమంటే దానధర్మం అడిగినట్టు చూస్తారేం? మిల్లు మళ్లీ తెరుస్తామని ప్రభుత్వాలు ఎన్నికలెన్నికలకీ చెబుతున్నాయి. తెరిచినప్పుడు తెరవనీయండి. ఈలోగా ఆ గ్రౌండ్‌ను తెరిచి ఉంచినవాళ్ల పేర్లు రాసుకోవడానికి ఏదీ అడ్డం లేదు.

మూడో మాట శాలువాల గురించి. దీనితో నాకు సగం ఏకీభావమే. ఆగస్టు 29న జాతీయ క్రీడా దినోత్సవం నాడు జిల్లాల్లో జరిగే సభలు చాలామంది చూసే ఉంటారు. ధ్యాన్‌చంద్ ఫొటోకు దండ, వేదిక మీద నాయకులు, అధికారులు, అసోసియేషన్ల పెద్దలు. శాలువాల్లో ఎక్కువభాగం వేదిక మీదివాళ్లు ఒకరికొకరు కప్పుకోవడానికే సరిపోతాయి. పిల్లలు ఎండలో వరసగా నిలబడి ఉంటారు. కోచ్ ఆ వరసలు సర్దుతుంటాడు. ఇదే గుర్తింపు అయితే అది వద్దనే అంటాను.

కానీ ‘శాలువా వద్దు, బంతులివ్వండి’ అనేవాళ్ల వాదనలో ఒక మోసం దాగి ఉంది. బంతులకూ గౌరవానికీ పోటీ పెట్టి, చివరికి రెండూ ఇవ్వరు. నాకు తెలిసి శాలువా డబ్బు మిగిల్చి బంతులు కొన్న సభ ఒక్కటీ లేదు. అసలు ఇవి రెండూ వేరువేరు పద్దులు కావు. ఎవరు ఎక్కడ ఎంతమంది పిల్లలకు నేర్పుతున్నారో రికార్డు ఉంటేనే ఎవరికి ఎన్ని బంతులు కావాలో తెలుస్తుంది. రికార్డు లేనిచోట బంతులు పలుకుబడి ఉన్నవాడి ఇంటికి పోతాయి. గుర్తింపు అంటే మొదట ఆ రికార్డు. ఫలానా గ్రౌండ్‌లో ఫలానా మనిషి ఇన్నేళ్లుగా ఇంతమంది పిల్లలకు నేర్పుతున్నాడని జిల్లా యంత్రాంగం రాసి, సంతకం పెట్టి, అందరికీ కనిపించేలా అతికించడం. శాలువా ఆ తర్వాతి సంగతి, లేకపోయినా ఫర్వాలేదు.

‘గుర్తింపు మొదలుపెడితే దొంగ సర్టిఫికెట్లు పుట్టుకొస్తాయి’ అని ఇంకో భయం పెడతారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో 2 శాతం క్రీడా కోటా ఉంది కాబట్టి ఈ భయం ఊరికే పుట్టింది కాదు. కానీ దొంగ కాగితం బతికేది చీకట్లోనే. ఏడాది పొడవునా గ్రౌండ్‌కొచ్చిన పిల్లల పేర్లు, నేర్పినవాడి పేరు బడి నోటీసు బోర్డు మీద ఉంటే, ఎన్నడూ బంతి తన్నని కుర్రాడు ‘నేను స్టేట్ ప్లేయర్’ అని రాగానే తోటి పిల్లలే పట్టిస్తారు. దొంగ సర్టిఫికెట్‌కు విరుగుడు నిజమైన రికార్డే.

నాలుగో మాట పిల్లల గురించి. పదేళ్ల పిల్లవాడికి దండ వేసి ‘రేపటి మెస్సీ’ అని ఫ్లెక్సీ కట్టడం తప్పే. అది వాణ్ని గౌరవించడం కాదు, వాడి నెత్తిన బరువు పెట్టడం. కానీ పిల్లల్లో గుర్తించాల్సింది గోల్స్ ఒక్కటేనా? సీజనంతా ఒక్క రోజు మానకుండా వచ్చిన పిల్ల ఉంటుంది. బంతి చేతికి తగిలిందని రెఫరీ చూడకపోయినా తనే చెప్పిన పిల్లవాడు ఉంటాడు. తను బెంచీ మీద కూర్చుని చిన్నవాళ్లకు బూటు లేసులు కట్టిన పిల్ల ఉంటుంది. ఇవన్నీ పిల్లల చేతిలో ఉన్న పనులు. వీటిని గుర్తిస్తే నెత్తికెక్కదు, నెత్తిలోకి ఎక్కుతుంది. పన్నెండేళ్లలోపు పిల్లల కోసం జాతీయ సమాఖ్య 2018లో గోల్డెన్ బేబీ లీగ్స్, తర్వాత బ్లూ కబ్స్ మొదలుపెట్టింది కూడా ఈ వయసులో ఆడటమే ముఖ్యం, కప్పు తర్వాతని.

ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా పెద్ద సంగతి. మన ఊళ్లలో అమ్మాయి ఆట ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి దగ్గర ఆగిపోతుంది. ‘ఇగ చాలు, పెద్దపిల్లవైనవు’ అంటారు ఇంట్లో. ఆ మాటకు ఆ పిల్ల దగ్గర జవాబు ఉండదు. కలెక్టర్ సంతకంతో ఒక కాగితం గోడ మీద ఉంటే, దాని గురించి పక్కింటివాళ్లు నాలుగు మంచి మాటలు అంటే, ఆ తండ్రి ఇంకో రెండేళ్లు ఆగుతాడు. ఆటలో రెండేళ్లంటే చాలా దూరం. నిఖత్ జరీన్ కూడా నిజామాబాద్ అమ్మాయే. 2022లో, 2023లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాక కోట్ల రూపాయల నజరానా, డీఎస్పీ ఉద్యోగం ఇచ్చారు. న్యాయమే. కానీ ఆమె నిక్కరు వేసుకుని బాక్సింగ్ రింగులోకి దిగిన తొలిరోజుల్లో చుట్టుపక్కలవాళ్లు అన్న మాటలను ఆ కుటుంబం తట్టుకోబట్టే ఆ నజరానా దాకా వచ్చింది. అందరి తండ్రులకూ అంత గుండె ఉండదు. లేనివాళ్లకు ఊరు తోడు నిలబడాలి, ఆ తోడు పేరే గుర్తింపు.

చివరి మాట: ఈ జిల్లాలో ఫుట్‌బాల్ ఎక్కడుంది? 2025 డిసెంబర్ 13న మెస్సీ హైదరాబాద్ వచ్చాడు. ఉప్పల్ స్టేడియం నిండిపోయింది. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి కూడా జెర్సీ వేసుకుని బంతి తన్నారు. మర్నాడు మెస్సీ ముంబై వెళ్లిపోయాడు. రావద్దని ఎవరంటారు, వచ్చిపోతే పిల్లలకు సంబరమే. కానీ అదే ఏడాది హైదరాబాద్ ఎఫ్‌సీ, 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ ఛాంపియన్, రాష్ట్రం వదిలి ఢిల్లీ జట్టుగా మారిపోయింది. స్టార్ వచ్చి పోయాడు, క్లబ్బు ఉన్నన్నాళ్లు ఉండి వెళ్లిపోయింది. పోకుండా మిగిలింది ఎవరు? పొద్దున్నే సున్నం గీత గీసేవాడు. ‘ఫుట్‌బాల్ ఎక్కడుంది’ అనే ప్రశ్నకు జవాబు అతడి దగ్గరే ఉంది. చూడాల్సిన చోట చూడకుండా లేదనడం చూపు లోపం.

చిన్న ఊళ్లతో ఏమవుతుందనేవాళ్లు ఐస్‌లాండ్ సంగతి వినాలి. 2011 లెక్కల ప్రకారం నిజామాబాద్ పట్టణ జనాభా 3.11 లక్షలు. 2016 నాటికి ఐస్‌లాండ్ దేశమంతా కలిపి దాదాపు 3.3 లక్షలు. ఆ దేశం ఆ ఏడాది యూరో కప్‌లో ఇంగ్లండ్‌ను 2-1తో ఇంటికి పంపింది. 2018లో ప్రపంచ కప్‌కు వెళ్లింది, అప్పటికి అక్కడిదాకా వచ్చిన దేశాల్లో అతి చిన్నది. ఆ జట్టు కోచ్ హెయ్‌మిర్ హాల్‌గ్రిమ్సన్ వృత్తికి పళ్ల డాక్టరు. చిన్న దీవిలో క్లినిక్ నడుపుకుంటూ కోచింగ్‌లో ఎదిగినవాడు. ఇది చదివి ‘చూశారా, అక్కడ కూడా ఊరికే చేస్తారు’ అనబోకండి. ఐస్‌లాండ్‌లో చిన్నపిల్లలకు నేర్పేవాళ్లు కూడా లైసెన్స్ ఉన్న కోచ్‌లే, వాళ్లకు డబ్బు ఇస్తారు. ముందు కోచ్‌ను గుర్తించారు, గెలుపు తర్వాత వచ్చింది. మనం నమ్ముకున్న వరసకు ఇది సరిగ్గా తలకిందులు.

ఏం చేయాలో కూడా చెప్పకపోతే ఇది ఉత్త తిట్టే అవుతుంది. అడుగుతున్నవి పెద్ద కోరికలేం కావు. మొదటిది, జిల్లా, రాష్ట్ర స్థాయి క్రీడా సర్టిఫికెట్ల మీద ‘శిక్షణ ఇచ్చినవారు’ అని ఒక గడి పెట్టండి. దీనికి సిరా తప్ప ఖర్చు లేదు. రెండోది, నిజామాబాద్ నగరపాలక సంస్థ, బోధన్ మున్సిపాలిటీ తమ పరిధిలోని ప్రతి గ్రౌండ్‌లో నేర్పుతున్నవాళ్ల జాబితా తయారుచేసి ఏటా ప్రకటించాలి. ఎంత గెలిచారు అని కాక, ఎంతమందికి ఎన్నాళ్లు నేర్పారు అన్నదే కొలత కావాలి. మూడోది, జాతీయ సమాఖ్య నడిపే డి లైసెన్స్ కోచింగ్ కోర్సుకు ఏటా కొందరిని ఫీజు కట్టి, ఆ రోజుల కూలి ఇచ్చి పంపాలి. కూలి పోతుందన్న భయంతోనే చాలామంది ఆ గడప తొక్కరు. నాలుగోది, జట్టు వెంట ప్రయాణించే కోచ్‌లకు, తోడుగా వచ్చే తల్లులకు టీఏ, డీఏ, ప్రమాద బీమా. ఐదోది, పిల్లలకు గోల్స్‌తో సంబంధం లేని గుర్తింపు పత్రం, బడి ప్రార్థనలో అందరి ముందు చేతికివ్వాలి.

ఇవన్నీ పైవాళ్లు చేయాల్సినవి. చదువుతున్న మీరు చేయగలిగింది కూడా ఒకటుంది. రేపో ఎల్లుండో పొద్దున మీ ఊరి గ్రౌండ్‌కు నడకకు వెళ్లినప్పుడు పిల్లలకు ఆట నేర్పుతున్న మనిషి దగ్గర ఒక నిమిషం ఆగండి. పేరు అడగండి. ఎన్నేళ్లుగా నేర్పుతున్నారో అడగండి. ఆ పేరు మీ పిల్లల బడి హెడ్మాస్టరుకు చెప్పండి, మీ వార్డు కౌన్సిలర్‌కు చెప్పండి, స్థానిక విలేకరికి చెప్పండి. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య మే 15ను గ్రాస్‌రూట్స్ దినంగా జరుపుతుంది. ఆ రోజు లోపల నిజామాబాద్, బోధన్‌ల నుంచి ఒక్క జాబితా అయినా బయటికి రావాలి. ‘మెడల్ తెచ్చాక చూద్దాం’ అన్నది బాకీ ఎగ్గొట్టేవాడి మాట. ఆ బాకీ మనందరిదీ. ఎవరు ఎంత పడ్డారో లెక్క తేల్చి ఇప్పుడే కట్టాలి.